గేటు ఎవరిది, దారి ఎవరిది

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ, కొండాపూర్, తెల్లాపూర్ వైపు ఏ పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వెళ్ళినా సెక్యూరిటీ గార్డు మొదట అడిగేది ఒకటే: "ఏ ఫ్లాట్ సార్?" నంబరు చెప్పి, లోపలివాళ్ళ చేత ఫోన్‌లో అప్రూవ్ అనిపించుకున్న మనిషికి బారియర్ లేస్తుంది. మిగతావాళ్ళకు లేవదు. ఒక ఫ్లాటు కోసం కాక అందరి కోసం వచ్చేవాళ్ళ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ధనుర్మాసంలో తిరిగే హరిదాసు, గంగిరెద్దులవాళ్ళు, తోపుడుబండి మీద ఆకుకూరలు తెచ్చే ఆమె, పాత పేపర్లవాడు, జనాభా లెక్కలకు వచ్చిన టీచరు, ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థి, వీళ్ళెవరూ ఒక ఇంటికని రారు, వీధికి వస్తారు. గేటు రిజిస్టర్లో వీధికి గడి లేదు. కొన్ని కమ్యూనిటీలు సంక్రాంతి సంబరాల రోజున హరిదాసును క్లబ్‌హౌస్‌కు పిలిపించి, డబ్బిచ్చి, పిల్లలతో ఫొటోలు తీయిస్తున్నాయి. మంచి ఉద్దేశమే. కానీ ఎవరూ పిలవకుండానే గడపలోకి వచ్చి గుమ్మడికాయలో బియ్యం పోయించుకునే చనువు మాత్రం గేటు బయటే ఉండిపోయింది.

ఈ గేట్ల చుట్టూ తగాదాలు ఇప్పుడు పోలీసు స్టేషన్లకు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాకు, హైకోర్టులకు చేరుతున్నాయి. పైకి అవి వేర్వేరుగా కనిపిస్తాయి. ఒకచోట రాత్రి పది దాటాక బ్యాచిలర్ల స్నేహితుల్ని ఆపుతారు. ఇంకొకచోట మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటుకు డెలివరీలు ఆపుతారు. మరొకచోట పనామె సంచి తెరిపిస్తారు, వేరొకచోట ఊరివాళ్ళ పాత బాటకు అడ్డంగా గోడ లేపుతారు. అన్నిటినీ దగ్గర పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకే పోట్లాట. నియమం రాసేది ఫ్లాటు ఓనర్లు. ఆ నియమం బరువు పడేది ఎక్కువగా ఓటు లేనివాళ్ళ మీద. వచ్చినవాళ్ళు ఎవరో అడిగి తెలుసుకునే పని కమిటీది. తన ఇంటికి ఎవరు రావాలో చెప్పే హక్కు ఆ ఇంటివాళ్ళది. ఈ రెండూ ఒకటేనని కమిటీ అనుకున్న చోటల్లా తగాదా మొదలవుతోంది.

గేటు కావాలనుకోవడం తప్పు కాదు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ ఇద్దరే మిగిలిన డెబ్భై ఏళ్ళ దంపతులకు కింద ఒక గార్డు ఉన్నాడన్న ధైర్యం చాలా పెద్దది. మెడలో గొలుసు తెంపుకుపోయిన వీధిలో ఏళ్ళ తరబడి ఉన్న ఆడవాళ్ళు, గేటున్న ఇంటికి మారాక సాయంత్రం నడకకు వెళ్ళగలుగుతున్నామని చెబుతారు. నగరపాలిక ఫుట్‌పాత్ వేయని, వీధిదీపం వెలిగించని చోట జనం తమ డబ్బుతో ఆ పని చేసుకుంటున్నారు. ఈ భయాన్ని, ఈ అవసరాన్ని చిన్నచూపు చూసే విమర్శ నాకు సమ్మతం కాదు. ఆ అవసరం ఎంతవరకు చెల్లుతుందన్నదే నా ప్రశ్న.

మొదట తేలాల్సింది గేటు వెనక రోడ్డు ఎవరిదన్నది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లాట్లు వేసి అమ్మిన లేఔట్‌లో రోడ్లు, పార్కు స్థలం అనుమతి షరతుల ప్రకారం గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో చేరతాయి. ఆ తర్వాత ప్లాట్ల ఓనర్లంతా కలిసి చుట్టూ గోడ కట్టి, ఆర్చి పెట్టి, గార్డును నిలబెట్టినా రోడ్డు మాత్రం ప్రజలదే. అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ సంగతి వేరు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం కింద లోపలి దారులు, లిఫ్టులు, మెట్లు ఓనర్లందరికీ అవిభక్త వాటాలో ఉమ్మడి ఆస్తి. అక్కడ గేటు పెట్టుకునే హక్కు స్పష్టంగా ఉంది. విల్లాల కాలనీలు ఈ రెండిటి మధ్యా ఊగుతుంటాయి. ఏ అనుమతి మీద కట్టారో కాగితం తీసి చూస్తే గానీ తెలియదు. బ్రోచర్లో "గేటెడ్" అని రాసినంత మాత్రాన రోడ్డు ప్రైవేటు కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన భవన నిర్మాణ నిబంధనలను, అందరూ జీవో 168 అని పిలిచేవాటిని, ఈ దృష్టితో మళ్ళీ చదవాలి. పెద్ద స్థలంలో గ్రూప్ డెవలప్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు మాస్టర్ ప్లాన్ రోడ్లకు అడ్డు రాకూడదని, లోపలివైపున్న ఇతర భూములకు దారి కోసం స్థలం అంచున ప్రజా రహదారి వదలాలని అవి చెబుతాయి. అంటే గోడ కట్టుకునే అనుమతిలోనే పక్కవాడి దారికి పూచీ కూడా ఉంది. అమలు దగ్గరకు వచ్చేసరికి ఆ అంచు రోడ్డు కూడా గేటు లోపలికి వెళ్ళిపోవడం హైదరాబాద్ శివార్లలో కొత్త కాదు. ఊరి నక్షాలో గీసి ఉన్న బండ్ల బాట, చెరువుకట్టకు పోయే డొంక, శ్మశానానికి పోయే దారి, వీటిని విల్లా గోడలు మధ్యలో కోసేశాయి. పొలాలు అమ్మినవాళ్ళు పొలాలే అమ్మారు, పూర్వీకుల సమాధుల దగ్గరకు పోయే దారి అమ్మలేదు. ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు అందే ఫిర్యాదుల్లో ఇలాంటి దారి తగాదాలు బాగా కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల ఆ సంస్థ అడ్డుగోడలు కూల్చి దారులు తెరిపించింది కూడా. కూల్చివేతల మీద ఎన్ని అభిప్రాయాలున్నా, ఒక దారి కోసం ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సిన పరిస్థితి కంటే ఇది మేలని నేననుకుంటాను.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోడ్లు ఇక్కడ గుర్తుకు రాక మానవు. భద్రత పేరుతో సైన్యం ఆ రోడ్లు మూసినప్పుడు మల్కాజిగిరి, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ ప్రాంతాల జనం ఏళ్ళ తరబడి నిరసన తెలిపారు. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు తెరవమని ఆదేశించింది. చుట్టూ తిరిగి పోవడం అంటే పెట్రోలు, సమయం, అంబులెన్సు ఆలస్యం అని అప్పుడు కాలనీవాళ్ళు ఎంతో స్పష్టంగా చెప్పారు. పక్క బస్తీ వాళ్ళు కాలనీ గేటు దగ్గర ఈ రోజు చెప్పేది అచ్చంగా అదే మాట.

రోడ్డు నిజంగానే ఓనర్లదని తేలిందనుకుందాం. అప్పుడు కమిటీ ఏ నియమమైనా పెట్టవచ్చా? మన దగ్గర చాలా అసోసియేషన్లు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో నమోదై ఉంటాయి. బైలాస్ అంటే సభ్యుల మధ్య ఒప్పందం. అది చట్టానికి లోబడే ఉండాలి. ఒక ఓనరు తన ఫ్లాటును వాడుకునే హక్కును ఉమ్మడి దారి మీద నియమం పెట్టి చేతికందకుండా చేయడం కుదరదు. పైగా 1987 చట్టం ప్రకారం సభ్యత్వం ఓనర్లదే. అద్దెకున్నవాళ్ళు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు, జనరల్ బాడీ మీటింగులో మాట మాత్రం ఉండదు. ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే కాంప్లెక్సుల్లో సగానికి సగం ఫ్లాట్లు అద్దెకు ఉండటం మామూలు. అక్కడ రోజూ గేటు దాటేవాళ్ళు ఒకరు, ఊరు కాని ఊర్లో ఉండి వాట్సప్ గ్రూపులో గేటు నియమాలకు చేయెత్తేవాళ్ళు మరొకరు. పెళ్ళికాని ఆడపిల్లలున్న ఫ్లాటుకు మగవాళ్ళు రాకూడదని, బ్యాచిలర్ల ఇంటికి వచ్చినవాళ్ళు రాత్రి ఉండకూడదని పెట్టే నియమాలన్నీ ఇలా పుట్టినవే. వాటికి చట్టంలో ఆధారం లేదు. చట్టబద్ధంగా అద్దెకు తీసుకున్న ఇంటికి ఎవరిని పిలవాలన్నది పెద్దలైన ఆ మనుషుల ఇష్టం. గోల చేస్తే గోలకు ఫిర్యాదు చేయాలి. వచ్చినవాళ్ళు ఆడా మగా అని చూడటం గేటు పని కాదు.

బాకీల సంగతి ఇంకా సున్నితం. కొందరు ఓనర్లు నిజంగానే ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ ఎగ్గొడతారు. వాళ్ళ వాటా నీళ్ళు, కరెంటు, గార్డుల జీతం మిగతావాళ్ళ నెత్తిన పడుతుంది. కమిటీల కోపం అర్థమవుతుంది. అందుకే గేటు దగ్గర వాడే యాప్‌లో ఆ ఫ్లాటును బాకీదారుల జాబితాలో పెట్టి, వాళ్ళ అతిథులను, కూరగాయల డెలివరీని, చివరికి పనామెను కూడా గేటు దగ్గర ఆపేస్తున్నారు. బాకీకి చట్టం వేరే దారి చూపించింది. చెల్లించని ఉమ్మడి ఖర్చులు ఆ ఫ్లాటు మీదే భారంగా ఉంటాయి. కోర్టు ద్వారా వసూలు చేసుకోవచ్చు. సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద వివాదాన్ని మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ తీసుకుపోవచ్చు. అది నెమ్మది దారి, నిజమే. గేటు ఆపడం త్వరగా పని చేస్తుంది, ఎందుకంటే అది ఇంట్లో ఉన్న ముసలామెకు మందులు తెచ్చే మనిషిని ఆపుతుంది. ఆ ముసలామె ఎవరికీ బాకీ లేదు.

ఇలా గేటును శిక్షకు వాడటం ఎక్కడిదాకా పోతుందో నవీ ముంబయిలో ఒక పెద్ద కాంప్లెక్స్ తగాదా చూపించింది. వీధి కుక్కలకు తిండి పెట్టే విషయంలో ఒక నివాసితో పేచీ వచ్చి, సొసైటీ ఆమె ఇంటి పనిమనిషిని లోపలికి రానివ్వలేదు. 2025 జనవరిలో బాంబే హైకోర్టు ఆ అడ్డును తొలగించింది. పోట్లాట కుక్కల గురించి. దెబ్బ పడింది ఆ పోట్లాటలో ఏ పక్షమూ కాని ఒక కూలి మనిషి మీద.

ఈ సమస్య మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పనామెల సంగతే.

ఒక పనామెకు ఒకే కమ్యూనిటీలో నాలుగైదు ఇళ్ళుంటాయి. బస్తీ నుంచి నడిచో, షేర్ ఆటోలోనో ఉదయం ఆరున్నరకల్లా వచ్చి, గేటు దగ్గర కోడ్ కొట్టో ముఖం చూపించో లోపలికి వెళుతుంది. ఆ క్షణాన ఆమె వచ్చిన కబురు అన్ని ఇళ్ళ ఫోన్లకూ చేరుతుంది. మొదటి ఇంట్లో అంట్లు ఎక్కువై ఆలస్యమైతే రెండో ఇంటామెకు ఆమె ఎప్పుడు గేటు దాటిందో ముందే తెలుసు. ఏ రోజు రాలేదో యాప్ లెక్క కడుతుంది. ఆ లెక్క చూసి జీతం కోస్తారు. ఇంటివాళ్ళు ఆమెకు నక్షత్రాలు ఇస్తారు, ఒక ముక్క అభిప్రాయం రాస్తారు. ఏ ఇంట్లో పండక్కి బోనస్ ఇవ్వలేదో, ఏ ఇంట్లో అయ్యగారి చూపు మంచిది కాదో ఆమె రాసే గడి ఎక్కడా లేదు. వెళ్ళేటప్పుడు సంచి తెరవాలి. ఇంటామె ఇచ్చిన పాత చీరకు, మిగిలిన పులిహోర డబ్బాకు కూడా చాలాచోట్ల గేట్ పాస్ అడుగుతారు. ఇచ్చిన ఇంటామె ఫోన్ ఎత్తేదాకా ఆమె అక్కడ నిలబడాలి, వెనక ఇంకా పదిమంది సంచులు పట్టుకుని నిలబడతారు.

అన్నిటికంటే ఘోరం బ్లాక్ చేయడం. ఒక ఇంట్లో ఉంగరం కనపడలేదని అనుమానం వచ్చింది, లేదా ఆమె జీతం పెంచమని అడిగి మాటామాటా అనుకున్నారు. ఆ ఇంటివాళ్ళు కమిటీకి చెబుతారు, కమిటీ ఆమె ఎంట్రీ ఆపుతుంది. మర్నాడు ఉదయం ఆమెకు పోయేది ఆ ఒక్క ఇల్లు కాదు, నాలుగైదు ఇళ్ళూ, ఆ నెల అద్దే, పిల్ల ఫీజూ. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. మిగతా ఇళ్ళవాళ్ళు ఆమె మంచిదని చెప్పినా చెల్లదు. ఉంగరం సోఫా కింద దొరికితే అదే కమిటీ ఆమెను వెతికి పిలుస్తుందా? నిజంగా దొంగతనం జరిగితే పోలీసులున్నారు, దర్యాప్తు ఉంది, కోర్టు ఉంది. ఆ ప్రతి మెట్టు దగ్గరా ఆమెకు మాట్లాడే హక్కుంది. గేటు దగ్గర ఒక్క మెట్టూ లేదు. పనిచోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించి, పనామెలకు జిల్లా స్థాయిలో ఫిర్యాదు చేసే కమిటీని ఇచ్చింది. అయితే ఫిర్యాదు చేసిన మర్నాడు గేటు తెరుచుకోదన్న భయం ఉన్నంతకాలం ఆ కమిటీ దాకా ఎవరు వెళతారు? ఇంటిపని కార్మికులకు ప్రత్యేక చట్టం అవసరమో కాదో పరిశీలించమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అలాంటి చట్టం వస్తే అందులో జీతం, సెలవులతోపాటు గేటు గురించి కూడా ఒక మాట ఉండాలి.

నోయిడా సెక్టార్ 78లో 2017 జులైలో జరిగింది మరిచిపోకూడదు. ఒక పనామె రాత్రంతా ఇంటికి రాలేదని, లోపల బంధించారని బస్తీవాళ్ళు పొద్దున్నే గేటు మీదికి వచ్చారు. రాళ్ళు పడ్డాయి, అద్దాలు పగిలాయి. దొంగతనం చేసిందని ఒక పక్షం, కొట్టారని మరో పక్షం. తర్వాత అరెస్టయినవాళ్ళు బస్తీవాళ్ళు. ఎదురుగా ఉన్న చిన్నచిన్న దుకాణాలు తొలగించారు. కొందరు పనామెలకు గేటు మూసుకుపోయింది. ఆ రాత్రి ఏం జరిగిందన్నదాని మీద ఏ పక్షాన్ని నమ్మినా, లోపలికి వెళ్ళిన మనిషి బయటికి రాకపోతే గేటు బయట ఉన్నవాళ్ళకు అడిగే చోటు లేదన్నది మాత్రం కాదనలేనిది.

లిఫ్టు కూడా ఒక గేటే. పనిమనుషులు, డెలివరీవాళ్ళు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని హైదరాబాద్‌లో ఒక సొసైటీ అంటించిన నోటీసు 2023 చివర్లో సామాజిక మాధ్యమాల్లో తిరిగి చాలామందిని కలవరపెట్టింది. సామాను మోసేవాళ్ళకు సర్వీస్ లిఫ్టు అంటే అర్థముంది, ఫ్రిజ్ మోసుకొచ్చేవాడికి అది సౌకర్యం కూడా. చేతిలో ఏమీ లేని మనిషిని ఆ మనిషి ఫలానా పని చేస్తుంది కాబట్టి వేరే లిఫ్టులో పొమ్మనడం మాత్రం వేరే సంగతి. మన ఊళ్ళలో హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసులు పెట్టిన చరిత్ర మరీ పాతది కాదు. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన మనమే టవర్లలో అదే అలవాటును శుభ్రత అన్న పేరుతో తిరిగి తెచ్చుకుంటున్నాం. డెలివరీ కుర్రాళ్ళకైతే ఇంకో దెబ్బ. బండి గేటు బయట పెట్టి, హెల్మెట్ తీసి, పేరు రాసి, చివరి బ్లాకు దాకా నడిచి, సర్వీస్ లిఫ్టు కోసం నిలబడి తిరిగొచ్చేసరికి వాళ్ళకు ఇంకో ఆర్డరు చేసే సమయం పోతుంది. ఆ నడకకు ఎవరూ డబ్బివ్వరు. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు కాబట్టి బండ్లు వద్దంటే ఒప్పుకుందాం. అప్పుడు గేటు దగ్గర నీడ, తాగునీళ్ళు, టాయ్‌లెట్ ఇవ్వాలి. ఇవి పెట్టిన సొసైటీలు కొన్ని ఉన్నాయి. వాటికి అయిన ఖర్చు ఒక నెల క్లబ్‌హౌస్ అలంకరణంత కూడా ఉండదు.

ఈ నియమాలన్నిటినీ మోసేవాడు గార్డు. పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండేది, ఇప్పటికీ విజయవాడలో, గుంటూరులో, విశాఖలో ఉంది. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి సెల్లార్‌లో ఒక గదిలో కాపురం పెట్టి, భర్త గేటు చూస్తే భార్య ఇళ్ళలో పని చేసేది. ఆయనకు అందరి చుట్టాలూ తెలుసు. ఫలానా ఆంటీ తమ్ముడు వచ్చాడని చూడగానే గేటు తీసేవాడు. ఆ గది బతుకు బతుకు కాదు, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ ఆయన మనుషుల్ని గుర్తుపట్టేవాడు. పెద్ద కమ్యూనిటీల్లో ఇప్పుడు ఏజెన్సీ గార్డులు, చాలామంది ఒడిశా, బిహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్ళు. పన్నెండు గంటల షిఫ్టులు. మూడు నెలలకొకసారి మారిపోతారు. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. కేంద్ర నమూనా నియమాలు గార్డుకు కనీసం 160 గంటల శిక్షణ అడుగుతాయి. గేట్ల దగ్గర ఎంతమందికి ఆ శిక్షణ అందిందో ఏ కమిటీ అయినా తన ఏజెన్సీని అడిగి చూడాలి.

గార్డుకు పోలీసు అధికారాలు లేవు. తన కళ్ళ ముందు తీవ్రమైన నేరం జరిగితే ఏ పౌరుడికైనా ఉన్న అధికారమే ఆయనకూ ఉంది. పట్టుకున్న మనిషిని ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలని కొత్త నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. అనుమానం మీద పనామె ఒళ్ళు తడిమే అధికారం ఎవరికీ లేదు. మనిషిని తనకు హక్కున్న దారిలో పోనివ్వకుండా అడ్డుకోవడం న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. ప్రైవేటు దారిని అడ్డుకునే హక్కు తనకుందని సద్భావంతో నమ్మినవారికి మినహాయింపు ఉంది గానీ, కమిటీ పంపిన వాట్సప్ మెసేజి ఆ సద్భావానికి ఎంతవరకు సాక్ష్యమవుతుందో కోర్టులో తేలాల్సిందే. నియమం తప్పయితే కేసులో ముందుగా ఇరుక్కునేది గార్డే. నియమం పాటిస్తే ఓనరు తిడతాడు, పాటించకపోతే కమిటీ ఉద్యోగం తీస్తుంది. 2022 ఆగస్టులో నోయిడాలో గేటు తీయడం ఆలస్యమైందని ఒక మహిళ గార్డును బూతులు తిట్టిన వీడియో దేశమంతా చూసింది, పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. వీడియో లేని గార్డుల సంగతి ఎవరికీ తెలియదు.

యాప్‌లు వచ్చాక తగాదాకు కొత్త పొర చేరింది. 2016లో బెంగళూరులో మొదలైన మైగేట్, ఆ తర్వాత వచ్చిన మరికొన్ని యాప్‌లు కాగితం రిజిస్టర్ స్థానాన్ని తీసుకున్నాయి. కాగితం రిజిస్టర్‌లో కూడా తప్పుంది. ముందు వచ్చినామె ఫోన్ నంబరును వెనక వచ్చినవాడు చదివేవాడు. యాప్‌లో ఆ నంబరు, ఫొటో, బండి నంబరు, ఎప్పుడు వచ్చారు ఎప్పుడు వెళ్ళారు అన్నీ ఏళ్ళ తరబడి నిలుస్తాయి. విడిపోయిన భార్య ఇంటికి ఎవరు వస్తున్నారో తెలుసుకోవాలనుకునే భర్త ఆ ఫ్లాటు ఖాతాలో ఇంకా సభ్యుడిగా ఉంటే, అతని ఫోన్‌లోనే అంతా కనపడుతుంది. ఈ ఒక్క కారణానికే పాత సభ్యుల్ని తొలగించే పద్ధతి ప్రతి కమిటీకీ ఉండాలి. పోలీసుల చేతిలో ఉన్న సమాచారానికే రక్షణ కరువు. తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటా 2024లో హ్యాకింగ్‌కు గురైంది. అలాంటిది ఒక సొసైటీ ట్రెజరర్ పాస్‌వర్డ్ చేతిలో మూడువేల మంది కదలికలు ఉన్నాయంటే భయం వేస్తుంది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు చెప్పింది. ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను తప్పనిసరి చేయడానికి దారిచ్చిన నిబంధనను అదే కోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పు కొట్టేసింది. అయినా గేటు దగ్గర పనామెల ఆధార్ జిరాక్సులు ఫైల్లో పేరుకుంటూనే ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. అప్పటినుంచి ఎందుకు తీసుకుంటున్నామో చెప్పకుండా, అవసరం తీరాక చెరపకుండా డేటా ఉంచుకోవడం సొసైటీలకు కూడా కుదరదు. ముఖం స్కాన్ చేయించుకోకపోతే పని లేదన్నచోట పనామె ఇచ్చే సమ్మతిని సమ్మతి అనవచ్చా? నా దృష్టిలో అనకూడదు. ఆమెకు కార్డు పద్ధతి కూడా ఉండాలి.

గేటు ఆపకూడని మనుషులు కొందరున్నారు. జనాభా లెక్కల సిబ్బందికి ఇళ్ళలోకి దారి ఇవ్వాలని 1948 సెన్సస్ చట్టం స్పష్టంగా చెబుతుంది. కోర్టు సమన్లు తెచ్చే అమీనా, పోస్ట్‌మన్, ఓటరు జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి కూడా అంతే. ఓటింగు శాతం తక్కువని ప్రతి ఎన్నికకూ వాపోయే నగరంలో అభ్యర్థిని, కార్యకర్తను కూడా గేటు దగ్గరే తిప్పి పంపడం మామూలైపోయింది. అన్ని పార్టీలకూ ఒకే సమయం, ఒకే పద్ధతి ఇస్తే సరిపోతుంది. 2020 కరోనా కాలంలో డాక్టర్లను, నర్సులను సొంత ఇళ్ళలోకే రానివ్వని సొసైటీలు ఉన్నాయి. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఆరోగ్య సిబ్బందిని ఇలా వేధించడం నేరమని చెప్పాల్సి వచ్చింది. ఇక అగ్నిమాపక శకటం. జాతీయ భవన నియమావళి ప్రకారం పెద్ద భవనాల ప్రధాన ద్వారం ఆరు మీటర్లకు తగ్గకూడదు, గేటు తలుపు గోడకు ఆనేలా మడవాలి. వెనక గేటుకు తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంచి, ఆయన షిఫ్టు దిగి ఇంటికి పోయే కాంప్లెక్సులు ఎన్ని ఉన్నాయో! నివాసితులు ఈ రాత్రే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇతర దేశాల అనుభవంలో మూడు నాకు పనికొచ్చేవిగా అనిపించాయి. అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికోలో 1987 చట్టం ప్రజా వీధులకే గేట్లు పెట్టనిచ్చింది. ఇల్లిల్లూ తిరిగి మతప్రచారం చేసే యెహోవా సాక్షులు కోర్టుకెక్కారు. గేటున్నా ఆ వీధులు ప్రజలవే, ప్రచారకులకు లోపలికి వెళ్ళే వీలుండాలని 2011లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. కాలిఫోర్నియాలో సమన్లు ఇచ్చే మనిషిని, గుర్తింపు చూపించి వచ్చిన పని చెబితే, గార్డు లోపలికి పంపాలని చట్టమే ఉంది. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గరి ఒక ఎస్టేట్ కేసులో 2017లో హైకోర్టు పనివాళ్ళ కదలికల మీద పెట్టిన ఆంక్షలను తప్పుబట్టింది. 2019లో పైకోర్టు ఎస్టేట్ రోడ్లు ప్రైవేటువేనని, వేగ పరిమితి నియమాలు చెల్లుతాయని తేల్చింది. రోడ్డు ఎవరిది, ఇంట్లో ఉండే మనిషి దేనికి ఒప్పుకున్నారు, ఒప్పందంలో లేని మనిషి మీద ఆ నియమం ఎలా పడుతుంది అన్న మూడు ప్రశ్నలనూ విడివిడిగా చూడటం వాళ్ళు నేర్చుకున్నారు. మన కోర్టుల ముందు ఈ మూడూ ఇంకా కలిసే వస్తున్నాయి.

బిల్డరు చేతిలో ఇంకా గేటు ఉన్న కాంప్లెక్సులది వేరే గోడు. రెరా చట్టం ప్రకారం ఎక్కువ ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడాలి, ఉమ్మడి భాగాలు దానికి అప్పగించాలి. మొదటి ఫేజులో జనం కాపురాలు పెట్టాక రెండో ఫేజుకు సిమెంటు లారీలు అదే గేటులోంచి పోతుంటే, పిల్లలున్న తల్లులు అడ్డం నిలబడాల్సి వస్తోంది. ఇక్కడ రెరాకు వెళ్ళడమే సరైన దారి, వెళ్ళినవాళ్ళకు కొన్నిచోట్ల ఊరట దక్కింది కూడా.

కమిటీల్లో ఉన్నవాళ్ళతో నేను మాట్లాడినప్పుడు వాళ్ళు చెడ్డవాళ్ళని ఎప్పుడూ అనిపించలేదు. జీతం లేని పని, రాత్రి పదకొండింటికి ఫోన్లు, ఎవరి కారు ఎవరి స్థలంలో పెట్టారని పంచాయతీలు. వాళ్ళను నేను అడిగేది కొంచెమే. ఏ మనిషి ఎంట్రీ ఆపినా కారణం కాగితం మీద రాసి, ఆ మనిషికి తెలిసిన భాషలో చెప్పండి. ఆపే ముందు ఆ మనిషి మాట వినండి. వినడానికి ముగ్గురిని పెట్టండి, వాళ్ళలో ఒకరు ఫిర్యాదు చేసిన ఫ్లాటుకు సంబంధం లేని నివాసి, ఒకరు పనివాళ్ళు ఎన్నుకున్న మనిషి కావాలి. ఒక ఇల్లు వద్దంటే ఆ ఇంటికే ఆపండి, మిగతా ఇళ్ళు తమ గేటు తాము తెరుచుకోనివ్వండి. అద్దెకున్నవాళ్ళను గేటు నియమాల మీద ఓటేయనివ్వండి. దీనికి ఏ చట్టం మారనక్కర్లేదు, వచ్చే జనరల్ బాడీలో ఒక తీర్మానం చాలు. అయితే ఆ తీర్మానం తర్వాత కూడా పనామె తన మీద నిషేధం అన్యాయమని చెప్పుకోవడానికి సొసైటీ బయట ఒక చోటు కావాలి. సొసైటీల చట్టం సభ్యుల తగాదాలకే, ఆమె సభ్యురాలు కాదు. లేబర్ ఆఫీసు జీతం బాకీ గురించి వింటుంది, గేటు సంగతి తనది కాదంటుంది. పోలీసులు సివిల్ తగాదా అంటారు. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు ఈ ఫిర్యాదులు వినే పనిని లేబర్ అధికారికి అప్పగిస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వగలవు. ఆ ఫిర్యాదును పదిహేను రోజుల్లో తేల్చాలని, తేలేదాకా ఆమెను పిలిచే ఇళ్ళకు వెళ్ళనివ్వాలని అందులో రాయాలి.